ఒకే లైన్‌కు రెండు ల్యూర్లు కడుతున్న తమ్మునికి

తమ్మీ,

చేపలు పట్టేటందుకు రెండు ల్యూర్లు, అంటే నకిలీ ఎరలు, ఒకే లైన్‌కు కట్టి విసిరితే చిక్కుపడ్డయని నువ్వు పంపిన ఫోటో జూమ్ చేసి చూసిన. దారం చుట్టే రీల్ మంచిది కాదేమో అని అడిగినవ్ గని రీల్‌ల ఏ తప్పూ లేదు, నువ్వు విసరక ముందే, ముడులు వేసేటప్పుడే ఆ చిక్కు ఖాయమైపోయింది. పై ల్యూర్ కట్టిన పాయ మూరెడు ఉంది, కింది ల్యూర్ కూడా అంతే దూరంల వేలాడుతున్నది, ఇంక అవి రెండూ ఒకదాన్నొకటి పట్టుకోకుండ ఎట్ల ఉంటయ్ చెప్పు. పై ల్యూర్ ఎంత ఊగినా కింది ల్యూర్‌ను అందుకోవద్దు, కింది ల్యూర్ ఎప్పుడూ బరువుది ఉండాలె, ఈ రెండు పట్టుకున్నవంటే సగం కంటె ఎక్కువ పని అయిపోయినట్టే.

ముందు లీడర్ సంగతి, అంటే ల్యూర్ల దగ్గర వేరేగ కట్టే దారం. రీల్ మీద బ్రెయిడ్ (అల్లిన దారం) ఉండనియ్, కాని ల్యూర్ల దగ్గర మాత్రం బ్రెయిడ్ వద్దు, అది మెత్తగ ఉంటది కాబట్టి దేన్ని తాకితే దాన్నే చుట్టుకుంటది. బ్రెయిడ్ చివర ఒక చిన్న బ్యారెల్ స్వివెల్ (రెండు దిక్కులా ఉంగరాలుండి గిర్రున తిరిగే లోహపు ముక్క) కట్టు, అక్కడి నుంచి కిందికి ఫ్లోరోకార్బన్ దారం, లేకపోతే కొంచెం గట్టి మోనో (ఒకే పోగు నైలాన్ దారం) అయినా సరే. పై ముక్క 0.40 మిల్లీమీటర్ల మందంది 70 సెంటీమీటర్లు కోసుకో, కింది ముక్క 0.35ది ఒక మీటర్ కోసుకో.

ఇప్పుడు ఈ రెండు ముక్కలను కలిపే సర్జన్స్ నాట్ అనే ముడి, దీని దగ్గర తొందరపడకు. పై ముక్క చివరను, కింది ముక్క మొదలును ఎదురెదురుగ తెచ్చి ఒక జానెడున్నర దూరం పక్కపక్కన పెట్టు, రెండింటినీ కలిపి ఒక ఉచ్చు చెయ్యి, ఆ ఉచ్చులకెళ్ళి పై ముక్క తోకను, కింది ముక్క మొత్తాన్ని కలిపి మూడుసార్లు తియ్యాలె, అందుకే ల్యూర్లు కట్టకముందే ఈ ముడి అయిపోవాలె. ఎంగిలితోని తడిచేసి నాలుగు కొసలు ఒక్కసారే మెల్లగ లాగు, పొడిగ లాగితే రాపిడికి వేడెక్కి దారం బలహీనమైతది, ముడి దగ్గర తెల్లగ చారలు కనిపిస్తే కోసేసి మళ్ళ కట్టుడే. ముడి బిగిసినంక రెండు తోకలు మిగుల్తయ్. రాడ్ దిక్కు చూసే తోక కోసెయ్, కిందికి చూసే మందం తోకనే పై ల్యూర్‌కు ఉంచుకో, దాన్నే డ్రాపర్ అంటరు. చాలామంది దొరికిన తోకకు కట్టేస్తరు, అది తప్పు. మందం దారం కాబట్టి కొంచెం నిగిడి పక్కకు నిలబడ్తది, మెయిన్ లైన్‌ను అంటుకోదు, చేప పట్టినా లాగుడంతా పై ముక్క మీదనే పడ్తది.

ల్యూర్ కట్టినంక డ్రాపర్ జానెడు లోపే ఉండాలె, నేనైతే 15 సెంటీమీటర్లు ఉంచుత. ముడి నుంచి కింది ల్యూర్‌కు 60 సెంటీమీటర్లు. ల్యూర్ పొడుగు కలిపినా పైది 20 సెంటీమీటర్లు దాటి పోలేదు, కిందిది ఎక్కడో 60 దగ్గర ఉంది, ఇంక ఎట్ల కలుస్తయ్. పైన 2, 3 గ్రాముల జిగ్‌హెడ్‌కు (బరువు తల ఉన్న హుక్) చిన్న సాఫ్ట్ ప్లాస్టిక్ (మెత్తటి ల్యూర్) పెట్టు, కింద 8 నుంచి 10 గ్రాముల మెటల్ జిగ్గో (లోహపు బరువు ల్యూర్) స్పూనో (చెంచా ఆకారపు లోహపు ల్యూర్) పెట్టు. స్పూన్ గిర్రున తిరిగి లైన్‌కు పురి ఎక్కిస్తది, పైన స్వివెల్ కట్టమన్నది అందుకే. రేకు గిరగిర తిరిగే స్పిన్నర్లు, మూతి ముందు ప్లాస్టిక్ లిప్ ఉన్న ల్యూర్లు డ్రాపర్‌కు అస్సలు కట్టకు, అవి తిరుక్కుంట మెయిన్ లైన్ చుట్టూ చుట్టుకుంటయ్. రాడ్ మీద రాసి ఉన్న గ్రాములు కూడా చూసుకో, రెండు ల్యూర్ల బరువు కలిపి అందుల రావాలె. మూడు కొక్కేల ట్రెబుల్ హుక్స్ ఉంటే తీసేసి సింగిల్ హుక్స్ వేసుకో.

విసిరేటప్పుడు స్వివెల్ రాడ్ కొసనున్న ఉంగరంలకు (గైడ్) పోవద్దు, దాని కిందనే ఉండాలె, అంటే కింది ల్యూర్ దగ్గర దగ్గర మీటర్ కిందికి వేలాడ్తది. వెనుక ఎవరన్నా నడుస్తున్నరా తిరిగి చూడు, కట్ట మీద పిల్లలు తిరుగుతనే ఉంటరు. ఊగుడు ఆగినంక మెల్లగ, గుండ్రంగ తిప్పి వెయ్యి, మణికట్టుతోని జాడించి విసిరితే పైది ముందుకు ఎగిరి కిందిదాని మీద పడ్తది. ల్యూర్ నీళ్ళను తాకే ముందు రీల్‌ల దారం చుట్టుకునే స్పూల్ అంచు మీద వేలు పెట్టి లైన్‌ను కొంచెం ఆపు, అప్పుడు బరువుది ముందుకు లాగుతది, తేలికది వెనుకకు పడ్తది, రెండూ వరుసలకు వస్తయ్. సంక్రాంతికి పతంగి పేచ్‌ల ఢీల్ ఎప్పుడు ఇయ్యాలె, ఎప్పుడు ఆపాలె నీకు బాగ తెలుసు కదా, వేలు పని అచ్చం అదే. పడ్డంక రీల్ మీది బేల్ (వంపు తీగ) మూసి లైన్ బిగించి, అట్లనే బిగుతుగ మునగనియ్, ఢీలా లైన్ మీద మునిగితే మునుగుకుంటనే చుట్టుకుంటయ్. లాగేటప్పుడు కూడా అంతే, సమంగ లాగు, ఆపినా ఒక క్షణం. జూన్, జూలైల పడమటి గాలి బాగ ఉంటది, ఆ గాలికి ఎదురుగ నిలబడి ఈ రెండు ల్యూర్ల కట్టు విసరకు, ఆ రోజుకు ఒక్క ల్యూరే కట్టుకో. అప్పుడప్పుడు డ్రాపర్ చూసుకో, మెలికలు పడి ఉంగరం తిరిగితే కోసి కొత్తది కట్టు.

ఒకటి మాత్రం ఖచ్చితంగ చెప్తున్న, కొర్రమీను కోసం గుర్రపుడెక్కల, తామరాకుల మధ్యకు పోతే రెండు ల్యూర్లు వద్దు, ఒక్క ఫ్రాగ్ (కప్ప ఆకారపు ల్యూర్) చాలు. రెండోది గడ్డికి పట్టుకుంటది, చేప గడ్డిలకు దూరితే లైన్ తెగి, మూతిల హుక్‌తోని అది అట్లనే తిరుగుతది, అది చూస్తే కడుపు తరుక్కుపోతది. రెండు ల్యూర్లు బయట నీళ్ళకు, కట్ట పక్కన లోతుకు, ఏ రంగుకు ఏ సైజుకు చేప వస్తుందో తెలుసుకునేటందుకు. వానాకాలంల ఎర్రగ చిన్న కొర్రమీను పిల్లలు గుంపుగ నీళ్ళ మీద మెరుస్తుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టు. అక్కడ ఏ ల్యూరూ వెయ్యకు. పెద్దవి పోతే ఆ పిల్లలను మిగతా చేపలు తినేస్తయ్.

సింగూరు డ్యామ్ దిక్కు పోతా అన్నవ్. ముందు అక్కడి మత్స్యకారుల సొసైటీ వాళ్ళను అడుగు, వాళ్ళు వద్దంటే వాదించకు, వాళ్ళ బతుకుదెరువు అది. డ్యామ్ కింద మంజీరా అభయారణ్యం ఉంది, అటు దిక్కు పోకు, అక్కడ మొసళ్ళు ఉన్నయ్. ల్యూర్ ఏ కంపకో పట్టుకుంటే ఎంత ఖరీదుదైనా సరే లైన్ కోసెయ్, నీళ్ళలకు మాత్రం దిగకు.

చేప పడ్డప్పుడు ఇంకో హుక్ గాలిల కొట్టుకుంటుంటది, దెబ్బలు తగిలేది అప్పుడే. ఇంటి దగ్గరే ప్లయర్స్‌తోని హుక్‌ల మీది బార్బ్‌లు (వెనుకకు తిరిగిన చిన్న ముళ్ళు) నొక్కేసి పో. చేప కింది ల్యూర్‌కు పడితే, లైన్ పట్టుకొని పైకి లాగకు, డ్రాపర్ హుక్ నీ అరచేతిలకు దిగుతది. వలతోని ఎత్తి, ముందు ఖాళీ ల్యూర్‌ను ప్లయర్స్‌తోని పట్టుకొని డ్రాపర్ కోసెయ్, తర్వాతనే చేప నోట్లది తియ్యి. డ్రాపర్ మళ్ళ కట్టుడు పది నిమిషాల పని. కళ్ళద్దాలు, టోపీ పెట్టుకో, మీ వదిన కూడా ఇదే చెప్పమన్నది.

మీ అన్న