ముళ్ళతీగ వద్దు, కోళ్ళగంప చాలు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఫొటోలు చూశాను. అనంతగిరి పైన గడ్డివాలులో నువ్వు చూసింది హాబెనేరియానే, నేలలో పెరిగే ఆర్కిడ్ మొక్క. నేలకి అతుక్కున్న ఆకులు, మధ్యలోంచి ఒక కాడ, తెల్లటి పూలు, ఒక్కో పువ్వు వెనకాల తోకలా వేలాడే తేనెగొట్టం. పదకొండు మొక్కల్లో మూడింటిని మేకలు కొరికేశాయని టెన్షన్ పడుతున్నావు. ముళ్ళతీగకి ఎస్టిమేటు వేస్తానన్నావు. కొంచెం ఆగు.

సర్వీసులో చేరిన కొత్తలో నేనూ అదే పని చేశాను. ఇలాంటి మొక్కల చుట్టూ తీగ లాగించి గర్వంగా తిరిగాను. మొదటి ఏడు పూలు బాగానే వచ్చాయి. మూడో ఏడు చూస్తే లోపలంతా నడుమెత్తు గడ్డి, దాన్ని దాటి లంటానా కలుపు పొదలు. మొక్కలకి వెలుతురే లేదు. తీగ గీసుకుని ఒక ఆవు పొదుగు చీరుకుపోయింది. ఆ కాపరి నాతో మాట్లాడటం మానేశాడు. తీగలో సగం ఎవరో విప్పుకుపోయారు, అది వేరే సంగతి.

అంటే పశువులు అక్కడ మేయాలి. ఎప్పుడు మేయాలన్నదే లెక్క.

ఈ మొక్క సంసారం నేల కింద ఉంటుంది. ఒకసారి కొండచరియ విరిగి దొర్లిన మొక్కని చేతిలోకి తీసుకుని చూశాను. రెండు దుంపలు. ఒకటి వడిలి ముడతలు పడింది, అది పోయినేటిది. పక్కన తెల్లగా, గట్టిగా ఇంకొకటి. ఏటా పాత దుంపని ఖర్చు పెట్టి చిగురేస్తుంది, ఆకు సంపాదనతో కొత్త దుంప కట్టుకుంటుంది. అందుకే పూలకాడ పోతే ఆ ఏటి విత్తనమే పోతుంది, ఆకు పోతే వచ్చే ఏటి పెట్టుబడి పోతుంది. అందరూ పువ్వు కోసం ఏడుస్తారు. నువ్వు ఆకుని కాపాడు.

ఆవు నాలుకతో చుట్టి లాగుతుంది కాబట్టి నేలకంటిన ఆకు దానికి సరిగ్గా అందదు, కాడ మాత్రం పోతుంది. గొర్రె నేల దాకా కొరుకుతుంది. మేక ఏరుకుని తింటుంది. వానల్లో నేల మెత్తగా ఉన్నప్పుడు గిట్టలు ఎవరివైనా ఒకటే, ఆకుని బురదలోకి తొక్కేస్తాయి.

జూన్‌లో చిగురు కనబడ్డప్పటి నుంచి ఆకు పసుపెక్కి మాడేదాకా, అంటే అక్టోబరు, నవంబరు దాకా కాపలా. ఆ తర్వాత మందని రానీ. వేసవంతా మేస్తే గడ్డి అణిగి, తొలకరికి చిగురుకి వెలుతురు దొరుకుతుంది.

దీనికి సంతలో దొరికే వెదురు కోళ్ళగంప చాలు. పెద్ద కన్నులది చూసి కొను, దగ్గరగా అల్లింది బోర్లిస్తే చీకటి కొట్టే. రెండు మేకులు కొట్టి కట్టెయ్, రాయి ఒక్కటే పెడితే మేక తోసేస్తుంది. కాడ గంపలోంచి పైకొస్తే రానీ. తేనెగొట్టం అడుగుదాకా నాలుక చాచే చిమ్మెటలు రాత్రిపూట వస్తాయి, వాటికి దారి ఉండాలి. అడవిపందులు తవ్వే చోటయితే గంప లాభం లేదు, చుట్టూ రాళ్ళు పరిచి పైన కంప వెయ్యి.

వీటన్నిటికంటే ముందు కాపరి దగ్గరకెళ్ళు. రూలు చెప్పకు, మొక్క చూపించు. ఆ నాలుగైదు నెలలు మందకి ఉప్పు పెట్టే చోటు వాగు అవతలికి మార్చమని అడుగు. ఉప్పు ఎక్కడుంటే మంద అక్కడ. అతను ఒప్పుకుంటే నీకు సగం గంపలు మిగులుతాయి.

ఆ ఫొటోలు ఏ గ్రూపులోనూ పెట్టకు. లొకేషన్ దొరికితే దుంపలు తవ్వుకెళ్ళేవాళ్ళు మేకలకంటే ముందొస్తారు. తవ్వి నర్సరీలో పెడదామని నువ్వూ అనుకోకు. ధూళిలాంటి ఆ గింజలో తిండి ఉండదు, మట్టిలో ఉండే శిలీంధ్రం తోడు దొరికితేనే మొలుస్తుంది. ఆ మట్టిని కుండీలోకి ఎత్తలేం.

దసరాకి ఇంటికొచ్చే ముందు ఎన్ని కాడలు కాయ కట్టాయో లెక్కపెట్టుకుని రా. మీ అత్తయ్య గంపల ధర అడుగుతోంది, నాకూ ఒకటి పట్రా, ఇక్కడ నిజంగానే కోళ్ళున్నాయి.

మీ మామయ్య