బ్యాగ్‌పైప్ అనే తిత్తి వాద్యం ఊదే బ్యాగ్‌పైపర్ ఊపిరి తీసుకున్నా పాట ఎందుకు తెగదు? విశాఖ ఆర్కే బీచ్‌లో కవాతును దూరం నుంచి చూస్తే బ్యాండ్ అడుగులు దరువుతో ఎందుకు కలవవు?

మొదటిదానికి జవాబు చంకలో ఉన్న తిత్తి. మన జానపదులు శ్రుతి కోసం పట్టే మేకతోలు తిత్తి లాంటిదే. నోటితో ఊదినంతసేపు అది నిండుతుంది. ఊపిరి తీసుకునే క్షణంలో మోచేయి దాన్ని నొక్కుతుంది, గాలి ఆగదు. భుజం మీది మూడు గొట్టాలు ఒకే శ్రుతి పట్టి ఉంచుతాయి, వాటిలో పొడవాటిది మిగతా రెండింటికంటే ఒక స్థాయి కింద పలుకుతుంది. వేళ్లు ఆడించే గొట్టంలో ఉండేవి 9 స్వరాలే. గాలి ఆగదు కాబట్టి ఒకే స్వరాన్ని రెండుసార్లు విడిగా పలికించడం కుదరదు. అందుకే మధ్యలో రెప్పపాటు మరో స్వరం తగిలిస్తారు, ఆ గమకాల అందమంతా అందులోనే ఉంది. మోచేయి ఒత్తిడి కొంచెం తగ్గినా శ్రుతి వణుకుతుంది. గొట్టాల్లో కంపించి పలికే రెల్లు రీడ్లు తేమకు ఉబ్బి ఊదడం బరువవుతుంది, కాబట్టి సముద్రం ఒడ్డున ముందే కాసేపు వాయించి శ్రుతి సరిచూసుకోవాలి.

మొదలయ్యేటప్పుడు డ్రమ్ముల మీద గమనించండి. రెండు రోల్స్, అంటే గబగబా సాగే దెబ్బల వరసలు, వినిపిస్తాయి. రెండోదాంతో గొట్టాలు గుయ్‌మంటాయి, ఆ వెంటనే పాట.

ఇక అడుగుల సంగతి. తప్పు బ్యాండ్‌ది కాదు, శబ్దానిది. అది సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది. నిమిషానికి 120 అడుగుల నడకలో అడుగుకి అర సెకను. 85 మీటర్ల దూరంలో దరువు పావు సెకను ఆలస్యంగా అందుతుంది, అంటే కాలు గాల్లో ఉన్నప్పుడు దెబ్బ వినిపిస్తుంది. 20 మీటర్లలోపు నిలబడితే తేడా దాదాపు తెలియదు. సముద్రపు గాలి వీస్తుంటే బ్యాండ్‌కి రోడ్డు వైపు ఉండండి, శబ్దం మీ వైపే వస్తుంది.

నేవీ బ్యాండ్‌లో ప్రధానంగా ఇత్తడి వాద్యాలు, క్లారినెట్ లాంటివే. పైపులు ఎక్కువగా కనిపించేది ఆర్మీ రెజిమెంట్లలో.