టైమింగ్ కదలకపోతే స్ట్రోకులు లెక్కపెట్టండి

ప్రశ్న: 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదుతాను. నెలల తరబడి టైమింగ్ తగ్గట్లేదు. ప్రాక్టీసులో ధ్యాస నిలవడం లేదు, మానేయాలనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ఇప్పుడే మానేయకండి. ప్రాక్టీసు ఎక్కువగా ఉండే వారాల్లో ఒళ్లు అలిసిపోయి టైమింగ్ కదలదు. పోటీ ముందు ఈదే దూరం తగ్గించాకే అసలు వేగం బయటపడుతుంది. అందాకా గడియారాన్ని వదిలి స్ట్రోకులు, అంటే చేత్తో నీటిని ఎన్నిసార్లు లాగారో, లెక్కపెట్టండి. 50 మీటర్లు ఎనిమిదిసార్లు ఈదితే, ప్రతిసారీ ఎన్ని పడ్డాయో చూసుకోండి. మొదట 40 ఉన్నవి చివరికి 46 అయ్యాయంటే, చాలావరకు చెయ్యి నీటిని పట్టి లాగడం మొదలుపెట్టేచోట మోచేయి కిందికి జారుతున్నట్టే. తర్వాతి సెట్‌లో ధ్యాసంతా ఆ మోచేతి మీదే పెట్టండి. ఇంకొకటి, టర్న్ అయ్యాక మొదటి స్ట్రోకుకే ఊపిరి తీసుకోకండి. గోడను తన్నిన ఊపు అక్కడే పోతుంది. విశ్రాంతి తీసుకున్నా నీరసం తగ్గకపోతే మాత్రం కోచ్‌కి చెప్పి, డాక్టరుకు చూపించుకోండి.