పొలం అమ్మి ఇంజినీరింగ్ సీటు కొనాలా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. పదహారేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నేను ఒక అపార్ట్‌మెంట్‌లో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని, చేతికొచ్చేది 34 వేలు. నా భార్య ఇంట్లోనే బట్టలు కుట్టి నెలకు 9 వేల దాకా సంపాదిస్తుంది. అబ్బాయికి సెకండ్ పీయూసీలో (ఇక్కడి ఇంటర్ రెండో ఏడాది) 58 శాతం వచ్చింది, కర్ణాటక ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష సీఈటీలో ర్యాంకు లక్ష దాటింది. ఒక కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్ సీటు ఇస్తామంటున్నారు. ఏడాదికి 2.75 లక్షల ఫీజు, అది కాక రసీదు లేకుండా లక్షన్నర. ఊళ్లో గుత్తకిచ్చిన 80 సెంట్ల పొలం అమ్మితే 12 లక్షలు వస్తుంది. చదువు పెరిగేకొద్దీ జీతం పెరుగుతుంది, నిరుద్యోగం తగ్గుతుంది అని ఒక పట్టిక వాట్సాప్‌లో వచ్చింది, దాన్ని చూసే ధైర్యం చేస్తున్నాం. అమ్మాయి తొమ్మిదో తరగతి. ఏం చేయమంటారు?

జవాబు: పొలం అమ్మకండి. ఆ మేనేజ్‌మెంట్ సీటూ వద్దు. అబ్బాయిని ఇంజినీరింగే వద్దని మాత్రం అనడం లేదు.

ముందు ఆ పట్టిక సంగతి. అది అమెరికా కార్మిక గణాంకాల శాఖ ఏటా వేసేది. 2023 లెక్కల్లో అక్కడ స్కూలు చదువుతో ఆగినవాళ్లకు వారానికి 899 డాలర్లు, డిగ్రీ ఉన్నవాళ్లకు 1,493 డాలర్లు. నిరుద్యోగం మొదటివాళ్లలో 3.9 శాతం, రెండోవాళ్లలో 2.2 శాతం. అక్కడికి అది నిజమే. మన దేశంలో జీతం మాట వరకు అదే దారి కానీ, ఉద్యోగం మాట తిరగబడుతుంది. 2022-23 కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వేలో 15 ఏళ్లు దాటినవారందరినీ కలిపి చూస్తే నిరుద్యోగం 3.2 శాతం, డిగ్రీ చదివినవాళ్లలో 13.4 శాతం. చదువు లేనివాడు ఖాళీగా కూర్చోలేడు; దొరికిన కూలికి వెళ్తాడు, సర్వే అతన్ని ఉపాధి ఉన్నవాడిగానే రాసుకుంటుంది. డిగ్రీ ఉన్నవాడు చదువుకు తగ్గ పని కోసం ఎదురుచూస్తాడు, ఆ ఎదురుచూపులే నిరుద్యోగంగా లెక్కకెక్కుతాయి. కర్ణాటక ప్రభుత్వం డిగ్రీ పాసై ఆరు నెలలు ఖాళీగా ఉన్నవాళ్లకు యువనిధి పేరుతో నెలకు 3 వేలు, డిప్లొమా వాళ్లకు 1,500 ఇవ్వాల్సి వచ్చిందంటేనే ఆ ఎదురుచూపు ఎంత మామూలైపోయిందో తెలుస్తుంది. కాబట్టి మీరు లెక్కవేయాల్సింది చదువు ఖర్చొక్కటే కాదు, పాసయ్యాక ఆ ఎదురుచూసే నెలలు కూడా.

ఇక మేనేజ్‌మెంట్ సీటు లెక్క. పొలం అమ్మకుండా అప్పు తెస్తే ఎంత అవుతుందో చూడండి. ఏడాదికి 2.75 లక్షల చొప్పున నాలుగేళ్లకు 11 లక్షలు. వడ్డీ 10.5 శాతం అనుకుందాం. విద్యా రుణంలో చదివినన్నాళ్లు, ఆపైన ఒక ఏడాది కంతు కట్టక్కర్లేదు కానీ వడ్డీ మాత్రం సాధారణ వడ్డీగా పేరుకుంటుంది. మొదటి ఏడాది సొమ్ము మీద ఐదేళ్లు, రెండోదాని మీద నాలుగు, తర్వాత మూడు, రెండు. మొత్తం 4.04 లక్షల వడ్డీ. కంతులు మొదలయ్యే రోజుకు అప్పు 15.04 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 20,300. పదిహేనేళ్లకు సాగదీసినా 16,600.

బెంగళూరులోని పెద్ద ఐటీ సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ చాలా ఏళ్లుగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. పీఎఫ్ పోను చేతికి 26 వేలు అనుకోండి. అందులో 20 వేలు కంతుకు పోతే అబ్బాయి మళ్లీ మీ అన్నమే తినాలి. రసీదు లేని లక్షన్నరకు ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. అబ్బాయి మధ్యలో మానేస్తే ఆ డబ్బు వెనక్కి అడగడానికి మీ చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.

దీన్నే వెనక నుంచి వేయండి. మొదటి జీతంలో కంతు 30 శాతం దాటకూడదు. 26 వేలకు అది 7,800. పదేళ్లకు ఆ కంతు మోయగలిగే అప్పు 5.78 లక్షలు. చదివే కాలంలో పేరుకునే వడ్డీ తీసేస్తే మీరు నిజంగా తీసుకోదగింది సుమారు 4.2 లక్షలు, అంటే ఏడాదికి 1.05 లక్షలు. మీ హద్దు అది. ఏ కాలేజీ అయినా, ఏ బ్రాంచి అయినా అందులో ఇమిడితేనే మాట్లాడుకోవాలి.

ఇమిడే సీట్లు ఉన్నాయి. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో సాధారణంగా 45 శాతం సీట్లు సీఈటీ నడిపే ప్రభుత్వ సంస్థ కేఈఏ నింపుతుంది, 30 శాతం ప్రైవేటు కాలేజీల ఉమ్మడి సంస్థ కామెడ్‌కె, మిగిలిన 25 మేనేజ్‌మెంట్‌వి. కేఈఏ సీటుకు ఇతర ఫీజులు కలిపి ఏడాదికి లక్షకు అటూ ఇటూ అవుతుంది. లక్ష దాటిన ర్యాంకుకు పేరున్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ రాదు. మధ్యరకం కాలేజీలో ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్ వచ్చే అవకాశం ఉంది. ఎలక్ట్రికల్‌ను చిన్నచూపు చూడకండి, ఆ పని విలువ మీకు ఒకరు చెప్పక్కర్లేదు. అబ్బాయి ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివాడు కాబట్టి కర్ణాటకలో కనీసం ఏడేళ్లు చదివి ఉండాలన్న సీఈటీ నిబంధనకు ఇబ్బంది లేదు.

మీకు పనికొచ్చే ఇంకొక దారి ఎస్ఎన్‌క్యూ. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవాళ్లకు ట్యూషన్ ఫీజు మాఫీతో ఇచ్చే 5 శాతం అదనపు సీట్లు ఇవి. మీ ఇద్దరిదీ కలిపితే 5.16 లక్షలు. నాడకచేరిలో (ఇక్కడి రెవెన్యూ ఆఫీసు) ఆదాయ ధ్రువపత్రం తీసుకుంటే దాని మీద ఆర్‌డీ నంబర్ ఉంటుంది. ఆ నంబర్ సీఈటీ దరఖాస్తులో ఎక్కిందో లేదో ఇవాళే చూడండి. చాలామంది జారిపోయేది ఇక్కడే: పత్రం ఇంట్లో ఉంటుంది, దరఖాస్తులో నంబర్ ఉండదు. కేఈఏ సవరణకు గడువు ఇచ్చినప్పుడే దిద్దుకోవాలి. ఆంధ్రాలో తీసుకున్న కుల ధ్రువపత్రం ఇక్కడి రిజర్వేషన్‌కు చెల్లదు. దాన్ని నమ్ముకుని ఆప్షన్లు పెట్టకండి.

ఆప్షన్ ఎంట్రీలో కావాల్సిన క్రమంలో ఎన్నైనా పెట్టండి కానీ, సీటు వస్తే చేరనని ముందే తెలిసినది పెట్టకండి. అలాట్‌మెంట్ తర్వాత ఛాయిస్ 1 అంటే ఒప్పుకుని చేరడం, 2 అంటే ఇది చేతిలో ఉంచుకుని తర్వాతి రౌండ్ చూడటం, 3 అంటే దీన్ని వదిలేసి తర్వాతి రౌండ్‌కు వెళ్లడం, 4 అంటే పూర్తిగా తప్పుకోవడం. 2 అనుకుని 3 నొక్కితే చేతిలో ఉన్న సీటు పోతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు పట్టించుకోని అంకె: 58 శాతం. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలావాటికి పదో తరగతి, పీయూసీ, బీఈ (ఇంజినీరింగ్ డిగ్రీ) మూడింటిలోనూ 60 శాతం ఉండాలనే వడపోత ఉంటుంది. 11 లక్షలు పోసి చేర్చినా నాలుగో ఏడు ఆ రెండు శాతం దగ్గరే అబ్బాయి పేరు జాబితాలోంచి లేచిపోవచ్చు. కర్ణాటక బోర్డు 2024 నుంచి పీయూసీ పరీక్ష అదే ఏడాది మళ్లీ పెడుతోంది. పాసైనవాళ్లు కూడా రాసి మార్కులు పెంచుకోవచ్చు, ఎక్కువ వచ్చినవే నిలుస్తాయి. 600కు 348 వచ్చినవాడికి 360 కావాలంటే 12 మార్కులు. నోటిఫికేషన్ చూసి, గడువు ఉంటే తప్పక కట్టించండి. మొత్తం ఈ జవాబులో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభం తెచ్చే పని ఇదే.

ఏ కాలేజీకి వెళ్లినా ప్లేస్‌మెంట్ 95 శాతం అంటారు. ఫైనల్ ఇయర్‌లో ఆ బ్రాంచిలో మొత్తం ఎంతమంది, అందులో అర్హులుగా నమోదైంది ఎంతమంది, ఉద్యోగంలో నిజంగా చేరింది ఎంతమంది అని మూడు అంకెలు విడివిడిగా అడగండి. 120 మందిలో బ్యాక్‌లాగ్ లేని 60 మందినే నమోదు చేసుకుని, వాళ్లలో 57 మందికి ఆఫర్లు వస్తే అది 95 శాతమే. అందరికంటే ఎక్కువ ప్యాకేజీ ఎంతో వాళ్లే చెబుతారు, దాన్ని వదిలేయండి. వరుసలో నట్టనడుమ ఉన్న పిల్లవాడికి ఎంత వచ్చిందో అడగండి. ఇంకొకటి, చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడే పెట్టమంటే ఒప్పుకోకండి. చూసి తిరిగి ఇచ్చేయాలన్నది యూజీసీ, ఏఐసీటీఈ రెండింటి నియమం.

ఇంజినీరింగ్ కుదరకపోతే బీసీఏ. కర్ణాటకలో 2024-25 నుంచి డిగ్రీ మళ్లీ మూడేళ్లే. మేనేజ్‌మెంట్ సీటు కంటే చాలా తక్కువ ఖర్చుకు దొరుకుతుంది, ఒక ఏడాది ముందు జీతం మొదలవుతుంది. బీసీఏ, బీఎస్సీ వాళ్లను తీసుకుని ఉద్యోగం చేస్తుండగానే ఎంటెక్ చదివించే విప్రో పథకం లాంటివి ఉన్నాయి. చేరేముందు బాండ్ ఎన్నేళ్లో చదవండి. మొదటి జీతం బీఈ కంటే తక్కువే, దాన్ని దాచను. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డిప్లొమా రెండో ఏడాదిలో చేరి, డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష డీసీఈటీ రాసి, బీఈ రెండో ఏడాదిలోకి వెళ్లడం ఇంకో దారి. మొత్తం ఐదేళ్లు పడుతుంది కానీ మొదటి రెండేళ్లు ఖర్చు వేలల్లోనే. ఆంధ్రా ఈఏపీసెట్ మీద ఆశ పెట్టుకోవద్దు. స్థానికత దక్కాలంటే వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి, మీవాడు పుస్తకం పట్టింది ఇక్కడే.

అప్పు ఎలా తీసుకోవాలి? విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి. బ్యాంకుల ఉమ్మడి పథకం ప్రకారం 4 లక్షల వరకు తనఖా, హామీదారు, మార్జిన్ (మన వంతు సొమ్ము) ఏవీ అక్కర్లేదు. మీ హద్దు కూడా దాదాపు అంతే కాబట్టి పైన మిగిలే 20 వేలు చేతి నుంచి పెట్టుకుని 4 లక్షలకే అడగండి. మీ ఇల్లు మా పరిధిలో లేదని బ్రాంచి తిప్పి పంపితే, ఆ కారణంతో విద్యా రుణం తిరస్కరించకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పిందని గుర్తు చేసి, తిరస్కరణను రాతపూర్వకంగా అడగండి. సీటు వచ్చిన కాలేజీ పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉంటే, 8 లక్షల లోపు ఆదాయానికి మారటోరియం (కంతు కట్టక్కర్లేని) కాలంలో వడ్డీలో 3 శాతం కేంద్రం భరిస్తుంది. అప్పు అబ్బాయి పేరున ఉన్నా సహ రుణగ్రహీత మీరే, కంతు తప్పితే దెబ్బ తినేది మీ సిబిల్ (అప్పు చరిత్ర) స్కోరు కూడా. పన్ను మినహాయింపు కోసం 80ఈ అని ఎవరైనా చెబితే వినేసి ఊరుకోండి, మీ ఆదాయానికి పన్నే పడదు.

చదివేటప్పుడే వడ్డీ కట్టేస్తే అప్పు పెరగదు. 4 లక్షలు నాలుగు భాగాలుగా వస్తుంది కాబట్టి మొదటి ఏడాది నెలకు 875 రూపాయలే. రెండో ఏడాది 1,750, మూడో ఏడాది 2,625, నాలుగో ఏడాదీ, చదువయ్యాక కంతు లేని ఏడాదీ 3,500. పొలం గుత్త డబ్బులు ఇందులోకి మళ్లించండి. కొన్ని బ్యాంకులు ఇలా కట్టేవాళ్లకు వడ్డీ రేటు కొంత తగ్గిస్తాయి కూడా, సంతకం పెట్టేముందే అడగండి. అప్పుడు చివరి కంతు 5,400 దగ్గర ఆగుతుంది. కట్టకుండా వదిలేస్తే 7,400.

పీఎఫ్ తీయకండి. ఇప్పటి 8.25 శాతమే కొనసాగితే 2 లక్షలు పదిహేనేళ్లలో ఆరున్నర లక్షలవుతుంది.

అమ్మాయిని ఇంటర్‌కు విజయవాడ హాస్టల్‌కు పంపే ఆలోచన ఉంటే, పదో తరగతి మాత్రం ఇక్కడే పూర్తి చేయించండి. ఏడేళ్ల చదువు ఇక్కడ ఉండి, పదో తరగతి గానీ సెకండ్ పీయూసీ గానీ కర్ణాటకలో పాసై ఉంటేనే సీఈటీలో ఇక్కడి అభ్యర్థి అవుతుంది. ఆమె చదివిన ప్రతి స్కూలు నుంచి స్టడీ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకుని, బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) సంతకం పెట్టించి దాచండి. చిన్న స్కూళ్లు మూతపడితే ఆ కాగితం కోసం తిరగడానికి ఆఫీసు కూడా ఉండదు.