చలికాలానికో టైరు, ఎండాకాలానికో టైరా?

(రావులపాలెంలో ముప్పై ఏళ్ళుగా టైర్ల షాపు నడుపుతున్న మన బాబాయిగారు, పాఠకుల ప్రశ్నలకి ఈ వారం ఇచ్చిన జవాబులు.)

ప్రశ్న: బాబాయిగారూ, మా తమ్ముడు టొరంటోలో ఉంటాడండి. ఏటా నవంబరులో కారుకున్న నాలుగు టైర్లూ తీసేసి వేరేవి వేయిస్తాడట, ఏప్రిల్లో మళ్ళీ పాతవి ఎక్కిస్తాడట. మొన్న ఫోన్లో "మే నెల ఎండలోనూ, శ్రావణమాసం వానలోనూ అవే టైర్లతో ఎలా తిరుగుతున్నారన్నయ్యా" అని నవ్వాడు. నాది ఆరేళ్ళ కారు, 38 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంతవరకు టైర్లు ముట్టుకోలేదు. మనం కూడా కాలాన్ని బట్టి మార్చాలా?
– ముమ్మిడివరం పాఠకుడు

జవాబు: అక్కర్లేదు నాయనా. మీ తమ్ముడు చేసేది అక్కడికి రైటు, మీరు మార్చకపోవడం ఇక్కడికి రైటు. కాకపోతే ఆరేళ్ళన్నారే, ఆ మాట దగ్గర నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ధనుర్మాసంలో పొద్దున్నే కొబ్బరినూనె సీసా బోర్లిస్తే చుక్క రాదు కదా, ఎండలో పెట్టాలి. మామూలు టైరు రబ్బరుకీ అలాంటి గుణమే ఉంది. సుమారు 7 డిగ్రీల కిందికి చలి దిగితే బిరుసెక్కడం మొదలవుతుంది. బిరుసెక్కిన రబ్బరు రోడ్డుని పట్టుకోదు, బ్రేకు వేస్తే జారుకుంటూ పోతుంది. మీ తమ్ముడు నవంబరులో వేయించే చలి టైరులో సిలికా అనే పొడి ఎక్కువ కలిపి, రబ్బరు ఎంత చలిలోనైనా మెత్తగా ఉండేట్టు చేస్తారు. దాని మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి గాట్లు వందల కొద్దీ ఉంటాయి. మంచుని కరిచి పట్టుకునేవి ఆ గాట్లే. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచుపువ్వు బొమ్మ అచ్చు వేసి ఉంటే అది మంచు పరీక్ష పాసయిన టైరని గుర్తు.

అదే టైరుని మన మే నెల రోడ్డెక్కిస్తే పలక మీద బలపం అరిగినట్టు అరుగుతుంది. మెత్తటి రబ్బరు కాబట్టి బ్రేకు వేసినా కారు నాలుగడుగులు ముందుకెళ్ళే ఆగుతుంది. మన రాత్రులు ఎంత చల్లబడినా 15, 16 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. మరి ఆ 7 మన జిల్లాలో ఎప్పుడు చూస్తాం? "సమ్మర్ స్పెషల్ టైర్లు" అని ఎవరైనా అంటగట్టబోతే నవ్వేసి వచ్చేయండి. మీ కారుకి ఉన్నవి ఆ కోవలోవే.

ఈ మార్పిడి పని నేను చేతులారా చేశాను. మా అమ్మాయిది టొరంటో పక్కనే మిస్సిసాగా. ఒక నవంబరులో అక్కడే ఉన్నాను. షాపులకి ఫోన్ చేస్తే మూడు వారాల తర్వాత రమ్మన్నారు. "నేనుండగా నీకు షాపెందుకే" అని స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని దిగాను. చలి టైర్లు విడిగా రిమ్ములకే బిగించి ఉన్నాయి, నట్లు తీసి చక్రం మార్చడమే. నట్లయితే వచ్చాయి, చక్రం మాత్రం రాలేదు. వాళ్ళు మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పుకి రిమ్ము వెళ్ళి హబ్బుకి, అంటే చక్రం బిగించే ఇనప బిళ్ళకి, తుప్పుతో అతుక్కుపోయింది. సముద్రపు ఉప్పుగాలి తగిలే అంతర్వేది వైపు నుంచి వచ్చే బళ్ళలో ఈ జబ్బు చూసి చూసి ఉన్నాను కాబట్టి కంగారు పడలేదు. నట్లు రెండు చుట్లు వదులుగా ఎక్కించి, జాకీ దింపి, కారుని ఒక అడుగు ముందుకీ వెనక్కీ కదిపించాను. టప్‌మని ఊడింది. వైరు బ్రష్షుతో తుప్పు గీకి కొత్తది వేశాను. అల్లుడుగారు కాఫీ ఇచ్చారు. నేను మీసం తిప్పాను.

మూడో రోజు అమ్మాయి ఫోను. "నాన్నా, వెనక ఎడమ వైపు టకటక అంటోంది." వెళ్ళి చూస్తే రెండు నట్లు చేత్తో తిరిగేస్తున్నాయి. చక్రం మార్చాక 80, 100 కిలోమీటర్లు తిరిగి మళ్ళీ ఒకసారి నట్లు బిగించాలి. గీకగా మిగిలిన తుప్పు నలిగి, బిగువు వదులుతుంది. ఈ ముక్క నా షాపులో కుర్రాళ్ళకి రోజూ చెప్పేదే! వాళ్ళెవరైనా మర్చిపోయి ఉంటే నా నోటికి అడ్డుండేది కాదు. ఆ రోజు నన్ను తిట్టేవాళ్ళు లేక బతికిపోయాను.

ఇప్పుడు మీ ఆరేళ్ళ సంగతి. టైరు పక్కన డాట్ (DOT) అనే మూడు ఇంగ్లీషు అక్షరాల తర్వాత ఏదో పొడుగు నంబరు ఉంటుంది. చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. కారు కొన్న తేదీ కాదు, ఆ తేదీయే టైరు పుట్టినరోజు. 38 వేలంటే అరుగుదల పెద్ద లెక్క కాదు, ఎండకి పగిలిందా అన్నదే ముఖ్యం. పక్క గోడ మీద, రోడ్డుకి తగిలే వైపున్న లోతు గాళ్ళ అడుగున సన్నటి పగుళ్ళు ఉన్నాయేమో టార్చి వేసి వెతకండి. అయిదేళ్ళు దాటాక ఏటా చూపించుకోవాలని, పదేళ్ళు దాటితే ఎంత బాగున్నా తీసేయాలని కంపెనీలే చెబుతాయి. మన ఎండకి నేను పదేళ్ళు ఒప్పుకోను. ఏడో ఏడు దాటనివ్వను.

ఇక గాళ్ళు. లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గితే చట్టప్రకారం గుండు టైరే. గాడి అడుగున అడ్డంగా చిన్న రబ్బరు గట్టు ఉంటుంది, టైరు అరిగి దానితో సమానమైతే మార్చేయాలి. నేనైతే 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చమంటాను. కారణం మన రోడ్లే. సార్వా కోతలప్పుడు తారు మీద ధాన్యం ఆరబోస్తారు, మర్నాటికి గడ్డి పరకలు మిగులుతాయి. ట్రాక్టరు చక్రాలు చేలో బురద తెచ్చి గట్టు రోడ్డుకి మెత్తుతాయి. చేపల లారీ వెళ్ళినంత మేరా నీళ్ళు కారుతూనే ఉంటాయి. వీటి మీద ఒక జల్లు పడిందంటే టైరు కింద చేరిన నీళ్ళు గాళ్ళలోంచి బయటికి పోవాలి. గాడి లోతు లేకపోతే పోవు. టైరు నీళ్ళ మీద తేలుతుంది, స్టీరింగు చేతిలో ఉత్త పళ్ళెంలా తిరుగుతుంది. పక్కనే కాలవ!

ప్రశ్న: అన్నయ్యగారూ, ఈ నవంబరులో మా అబ్బాయి దగ్గరికి కెనడా వెళ్తున్నాను. ఇంకా మంచు పడలేదు, పడ్డాక మారుస్తానంటున్నాడు. అదీ ఖర్చెక్కువని ముందు చక్రాలు రెండింటికే మారుస్తాడట. నాకు భయంగా ఉంది.
– అమలాపురం పాఠకురాలు

జవాబు: మీ భయం సబబేనమ్మా. మంచు కోసం చూడకూడదు, చలి కోసం చూడాలి. పగలు కూడా 7 డిగ్రీల దగ్గర తిరుగుతోందంటే మార్చేసే రోజు వచ్చినట్టే. మొదటి మంచు పడిన రోజు షాపుల ముందు క్యూ సంక్రాంతి ముందు బస్టాండులా ఉంటుంది. మీ వాడుండేది క్యూబెక్‌లో అయితే మాట్లాడటానికేం లేదు, డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలి టైర్లు ఉండి తీరాలని అక్కడ చట్టం. టొరంటో ఉన్న ఆంటారియోలో నిర్బంధం లేదు గాని, చలి టైర్లు వేసుకున్నవాళ్ళకి ఇన్సూరెన్సు కంపెనీలు తగ్గింపు ఇవ్వాలన్న నియమం 2016 నుంచి ఉంది. అడిగి తీసుకోమనండి.

రెండే మార్చడం మాత్రం వద్దు. ముందు చక్రాలు రోడ్డుని పట్టుకుని వెనకవి పట్టుకోకపోతే, మలుపులో బ్రేకు వేసినప్పుడు వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. నాలుగూ మార్చాలి. తీసినవాటి మీద సుద్దముక్కతో "ముందు కుడి", "వెనక ఎడమ" అని రాసి ఎండ తగలని చోట పెట్టాలి. రిమ్ముతో ఉంటే ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టవచ్చు, రిమ్ము లేకపోతే నిలబెట్టాలి. సుద్దముక్కలు ఇక్కడి నుంచి పట్టుకెళ్ళండి, మా అమ్మాయింట్లో వెతికితే లిప్‌స్టిక్ దొరికింది.

ప్రశ్న: డిసెంబరులో లంబసింగి వెళ్తున్నాం. అక్కడ మంచు పడుతుందట కదా, టైర్లకి ఏమైనా చేయించాలా?
– భీమవరం పాఠకుడు

జవాబు: మనకి ఒకటే మాట ఉండటంతో వచ్చిన చిక్కిది. కెనడా మంచు పారతో ఎత్తిపోసేది, లంబసింగి మంచు కళ్ళకి అడ్డం పడేది. అక్కడ ఒక్కోసారి సున్నా దగ్గరికి దిగుతుంది, నిజమే. అయినా రెండు పూటల సరదాకి టైర్లు మార్చక్కర్లేదు. నర్సీపట్నం దాటాక ఘాట్ రోడ్డు తెల్లవారుజామున తడిగా ఉంటుంది, గాళ్ళు చూసుకోండి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచకుండా రెండో గేరులో దిగండి. సూర్యోదయం చూడాలని మూడింటికి బయల్దేరే బదులు ముందురోజే వెళ్ళి పడుకోవడం మేలు.

ప్రశ్న: ఎండాకాలం టైర్లు పేలకుండా గాలి నాలుగు పాయింట్లు తగ్గించమని మా డ్రైవరు అంటాడు. నిజమేనా?
– రాజోలు పాఠకుడు

జవాబు: అబద్ధం. గాలి తక్కువైతే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకీ మడతపడి లేస్తుంది, ఆ మడతకే వేడెక్కుతుంది, పేలేది ఆ వేడికే. డ్రైవరు తలుపు తీస్తే లోపల స్టిక్కరు ఉంటుంది, అందులో ఉన్న అంకె ఏ కాలమైనా అదే. పొద్దున్నే కారు కదలకముందు చూడాలి. రాజోలు నుంచి రాజమండ్రి వెళ్ళి, దిగీ దిగగానే చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది వేడికి పెరిగిందే, తీయకండి. చలిదేశంలో దీనికి తిరగబడిన లెక్క, సుమారు 6 డిగ్రీలు చల్లబడితే ఒక పాయింటు పడిపోతుంది. మీ డ్రైవరుని ఒకసారి రావులపాలెం పంపండి. ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తెరిచే ఉంటుంది.