రెండు సాఫ్ట్‌వేర్లలో దశ తేదీలు వేరుగా వస్తే ఏది నమ్మాలి?

ఒకే తేదీ, ఒకే టైము, ఒకే ఊరు ఇచ్చినా రెండు సాఫ్ట్‌వేర్లలో మహర్దశ (జాతకంలో ఒక్కో గ్రహానికి ఇన్నేళ్లని ఉండే కాలం) మారే తేదీకి రెండేళ్ల తేడా వస్తోంది, ఏది తప్పు అని అడిగారు. రెండూ తప్పు కాకపోవచ్చు. అయనాంశ, అంటే రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే లెక్క, లాహిరి, రామన్ అని రకరకాలు, అందులో ఏది పెట్టి ఉందో చూశారా? ఎవరూ చూడరులెండి. మేమూ చూడలేదు, దాంతో మా తమ్ముడి సంబంధం తప్పిపోబోయింది.

వాడిది పుష్యమి, అమ్మాయిది రోహిణి. గుణాలు కలిశాయి, ఇరువైపులా మాటలూ అయిపోయాయి. అప్పుడు మా పెదనాన్న రెండు జాతకాలూ పక్కపక్కన పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, "వీడికి కేతు దశ అయిపోయేదీ ఆ పిల్లకి రాహు దశ అయిపోయేదీ రెండు నెలల తేడాలో ఉన్నాయిరా, ఏడాది లోపుంటే దశాసంధే, వదిలెయ్యండి" అన్నారు. దశాసంధి అంటే ఇద్దరి దశలూ దగ్గర దగ్గరగా మారడం, పెళ్లికి మంచిది కాదంటారు. అమ్మ ఇక మాట్లాడలేదు. తమ్ముడు లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. తమ్ముడిది వాడు పుట్టిన కొత్తలో ఎక్కడో తీయించిన కంప్యూటర్ జాతకం, రంగు వెలిసిపోయింది. అందులో చంద్రుడు కర్కాటకంలో 11 డిగ్రీల 27 నిమిషాలు, శని దశ శేషం, అంటే పుట్టేనాటికి ఆ దశలో మిగిలినది, 7 ఏళ్ల 5 నెలలు. అవే వివరాలు జగన్నాథ హోర అనే సాఫ్ట్‌వేర్‌లో లాహిరితో వేస్తే చంద్రుడు సరిగ్గా 10 డిగ్రీలు, శేషం 9 ఏళ్ల 6 నెలలు! టైము తప్పు కొట్టానేమోనని మూడుసార్లు వేశాను. చివరికి ఆ పాత కాగితం ఆఖరి పేజీ అడుగున చీమంత అక్షరాల్లో కనబడింది, అయనాంశ రామన్ అని. అమ్మాయి వాళ్లది లాహిరి.

లెక్క పెద్దదేం కాదు. నక్షత్రానికి 800 కలలు (కల అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, పైన చెప్పిన నిమిషమే), లాహిరికీ రామన్‌కీ తేడా దాదాపు 87 కలలు. పుష్యమికి అధిపతి శని, పుట్టగానే నడిచేది ఆయన దశే, మొత్తం 19 ఏళ్లు. 87ని 800తో భాగించి 19తో గుణిస్తే రెండేళ్ల పైన. అదే రోహిణికైతే చంద్రుడు, పదేళ్లే, కాబట్టి ఏడాదీ ఒక నెల. పుట్టుకలో వచ్చిన ఈ తేడానే తర్వాతి దశలన్నిటికీ మోసుకుపోతుంది. అందుకే మీ రెండు ప్రింట్లలో ముందు చంద్ర స్ఫుటం, అంటే చంద్రుడు ఎన్ని డిగ్రీల్లో ఉన్నాడో, పోల్చి చూడండి. అక్కడే తేడా ఉంటే అయనాంశ. అది కలిసి, వయసు పెరిగేకొద్దీ తేదీలు ఇంకా ఇంకా దూరం జరుగుతుంటే సంవత్సరానికి 365.25 రోజులకు బదులు 360 పెట్టి ఉంటుంది. ఆ 360 నా దృష్టిలో శుద్ధ దండగ. 19 ఏళ్ల శని దశకే వంద రోజులు ముందుకొచ్చేస్తుంది. 365.25తో నేను చూసిన ప్రతి జాతకమూ కలిసింది. ఎన్ని చూశావంటే, మా ఇంట్లోవి తొమ్మిది.

ఇంకోటి, ఈ యాప్‌లు "గురు దశ ప్రవేశం సాయంత్రం 4:37" అని నిమిషాలతో సహా ఇస్తాయి చూడండి, నాకు ఒళ్లు మండుతుంది. శుక్రుడు అధిపతైన నక్షత్రంలో పుట్టినవాళ్లకి (ఆ దశ 20 ఏళ్లు) పుట్టిన టైములో ఒక్క నిమిషం తేడా వస్తే దశ తేదీ అయిదు రోజులు జరుగుతుంది. ఆ పుట్టిన టైమేమో ఎవరో గోడ గడియారం చూసి రాసినది, అదీ ఏ అయిదుకో పదికో సర్దేసి. మా తాతయ్యదీ శుక్ర నక్షత్రమే, భరణి, 1943లో పుట్టారు. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా యుద్ధం మూలంగా మన దేశంలో గడియారాలు గంట ముందుకు జరిపారు, అంటే టైమ్ జోన్ 6:30 ఇవ్వాలి. మామూలుగా 5:30 ఇచ్చేస్తే ఆయన దశలన్నీ పది నెలలు పక్కకి పోతాయి. పోయాయి కూడా, ఆయన ఉన్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు.

సరే, తెల్లారి పెదనాన్నకి చూపించాను. "అయితే రెండూ రామన్‌లోనే వెయ్యి" అన్నారు. వేస్తే దశలు మారడానికి మధ్య 15 నెలల ఎడం. రెండూ లాహిరిలో వేస్తే 27 నెలలు. ఒకటి ఇందులో, ఒకటి అందులో వేస్తేనే ఆ రెండు నెలలు. ఆయన చాలాసేపు కాగితాల వంక చూసి, పెళ్లి కానివ్వమన్నారు.

నేను ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. "మరి పాతికేళ్లప్పుడు తమ్ముడి ఉద్యోగం పోతే కేతు దశ వల్లే అన్నారుగా, లాహిరి ప్రకారం అప్పటికి కేతు దశ రానే లేదు, బుధ దశే నడుస్తోంది" అన్నాను.

"బుధ దశ లోపల ఏ చిన్న దశ, ఏ అంతర్దశ?"

"శని."

"అదీ, అందుకే పోయింది" అన్నారు.