మార్గదర్శకాలకు భిన్నంగా ఐసీయూలో వైద్యం చేస్తే నిర్లక్ష్యం అవుతుందా?

ప్రశ్న: మాది కరీంనగర్. మూత్రనాళంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరి, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయే సెప్టిక్ షాక్‌తో మా నాన్నగారు గత ఏడాది హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పదకొండు రోజులుండి మరణించారు. బిల్లు రూ. 14 లక్షలు. అందులో సగానికి పైగా ఇమ్యునోగ్లోబ్యులిన్ (రోగనిరోధక ప్రతిరక్షకాల) ఇంజెక్షన్లకు, రక్తాన్ని వడపోసే ఫిల్టర్లకే అయింది. వాటి గురించి ఏమీ వివరించకుండా అచ్చు ఫారాలపై సంతకాలు తీసుకున్నారు. ఇవిగాక ఎక్కువ మోతాదులో విటమిన్ సి, స్టెరాయిడ్ కూడా ఇచ్చారు. అమెరికాలో డాక్టరుగా ఉన్న మా బావగారు ఈ నాలుగూ ప్రామాణిక వైద్యం కాదంటున్నారు. నాన్నగారి మరణానికి ఆసుపత్రిని బాధ్యులను చేస్తూ కేసు వేయవచ్చా?

జవాబు: కేసు వేయవచ్చు. అయితే మీరు అడుగుతున్న రూపంలో, అంటే ఈ నాలుగు చికిత్సల వల్లే మరణం సంభవించిందనే వాదనతో వేస్తే, అది నిలబడటం కష్టం. సరైన వైద్యం సకాలంలో అందినా సెప్టిక్ షాక్‌లో ప్రాణాలు పోవడం అరుదు కాదు కనుక, లోపానికీ మరణానికీ మధ్య సంబంధాన్ని నిరూపించే భారం మీపైనే పడుతుంది.

ముందుగా మీ బావగారి మాటను కొంత సవరించాలి. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) చికిత్సపై 'సర్వైవింగ్ సెప్సిస్ క్యాంపెయిన్' అనే వైద్య నిపుణుల వేదిక 2021లో వెలువరించిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్తపోటు నిలబెట్టే మందులు కొనసాగించాల్సి వస్తున్న రోగికి స్టెరాయిడ్ ఇవ్వవచ్చు. సాధారణంగా రోజుకు 200 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇస్తారు. కాబట్టి మోతాదులో తేడా ఉంటే తప్ప దానిని మీ ఆరోపణల్లో చేర్చవద్దు; బలహీనమైన ఆరోపణ ఒకటి చేరితే ఎదుటి న్యాయవాది దానినే పట్టుకుంటారు. ఇమ్యునోగ్లోబ్యులిన్, విటమిన్ సి విషయంలో మాత్రం అదే పత్రం వద్దనే సూచించింది. విటమిన్ సిపై 2022లో వెలువడిన 'లోవిట్' అనే క్లినికల్ ట్రయల్‌లో (రోగులపై జరిపిన అధ్యయనంలో) ఆ మందు తీసుకున్నవారిలో 44.5 శాతం మంది, తీసుకోనివారిలో 38.5 శాతం మంది 28వ రోజు నాటికి మరణించడమో, అవయవ వైఫల్యం నుంచి కోలుకోకపోవడమో జరిగింది. ఫిల్టర్ల సంగతి వాటి రకాన్ని బట్టి ఉంటుంది: పాలీమిక్సిన్ బి ఫిల్టర్‌ను వద్దన్నారు, తక్కిన వడపోత పద్ధతులపై ఏదో ఒకటి చెప్పడానికి తగిన ఆధారాలు లేవన్నారు. బిల్లులో ఫిల్టర్ పేరు ఉంటుంది, చూడండి.

అయితే మార్గదర్శకం చట్టం కాదు. వద్దని సూచించిన మందు ఇచ్చినంత మాత్రాన అది నిర్లక్ష్యం అయిపోదు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులోనూ, 2010లో కుసుమ్ శర్మ కేసులోనూ సుప్రీంకోర్టు స్థిరపరచిన సూత్రం ప్రకారం, సాధారణ నైపుణ్యం గల వైద్యుడు ఆ పరిస్థితిలో అనుసరించదగిన పద్ధతినే ఈ వైద్యుడూ అనుసరించాడా లేదా అన్నదే ప్రశ్న. రెండు ఆమోదయోగ్యమైన మార్గాల్లో ఒకదానిని ఎంచుకోవడం తప్పు కాదు. పైగా వైద్యుడి నడవడిని చికిత్స జరిగిన నాటి విజ్ఞానంతో కొలవాలే తప్ప, విచారణ నాటికి కొత్తగా తెలిసిన దానితో కాదు. మీ కేసులో నేను చూసేది కేస్ షీటునే. 'ఈ రోగికి ఈ కారణంగా ఇది ఇస్తున్నాం' అని ఆ రోజే ఒక్క వాక్యమైనా రాసి ఉంటే వైద్యుడికి రక్షణ ఉంటుంది. కారణమేదీ లేకుండా బిల్లులో మాత్రమే కనిపిస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆసుపత్రే.

శాస్త్రీయ ఆధారాలను కోర్టు ఎంత లోతుగా పరిశీలిస్తుందో తెలియాలంటే అనురాధా సాహా కేసు చూడాలి. 1998లో కోల్‌కతాలో తీవ్రమైన చర్మవ్యాధికి చికిత్స పొందుతున్న ఆమెకు, శరీరంలో చాలాకాలం నిలిచే డెపోమెడ్రాల్ అనే స్టెరాయిడ్‌ను 80 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇవ్వాలని రాశారు. సుప్రీంకోర్టు వైద్య గ్రంథాలనూ, నిపుణుల అభిప్రాయాలనూ పరిశీలించి 2009లో దానిని నిర్లక్ష్యంగా తేల్చింది. 2013లో దాదాపు రూ. 6 కోట్ల పరిహారం నిర్ణయించింది. అదే 2009 తీర్పులో వైద్యులను క్రిమినల్ నేరం నుంచి విముక్తులను చేయడమూ గమనించదగినదే.

మీకు నిజంగా బలమున్న అంశం సమ్మతి. చికిత్స స్వభావం, దానివల్ల కలిగే ప్రయోజనం, గణనీయమైన ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు, వద్దంటే ఏమవుతుంది అన్నవి చెప్పిన తర్వాత తీసుకున్నదే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణాపాయంలో తక్షణం చేయాల్సిన చికిత్సకు మినహాయింపు ఉంది. ఉదాహరణకు, వెంటిలేటర్ పెట్టిన రాత్రికి అది వర్తిస్తుంది గానీ, మూడు రోజుల తర్వాత ఫిల్టర్ పెట్టడానికి వర్తిస్తుందని ఆసుపత్రి అంత సులువుగా అనలేదు. అందువల్ల వివరణ లేకుండా చేసిన, ఆధారం సన్నగిల్లిన చికిత్సల ఖర్చును తిరిగి ఇప్పించాలనీ, సేవాలోపానికి పరిహారం ఇప్పించాలనీ కోరడం మంచిది.

మరణం విషయంలో వాదన ఏదైనా ఉంటే అది మీరు అడగని చోట ఉండవచ్చు. సెప్టిక్ షాక్ అనుమానించిన రోగికి యాంటీబయాటిక్ వీలైనంత త్వరగా, గంటలోపు పడాలన్నది ఆ మార్గదర్శకాల్లోని గట్టి సిఫారసు. క్యాజువాలిటీలో చేర్చిన సమయం, మొదటి డోసు వేసిన సమయం, కల్చర్ (ఏ క్రిమి ఉందో తేల్చే ల్యాబ్ పరీక్ష) ఫలితం వచ్చాక మందు మార్చారా అన్నవి నర్సింగ్ చార్టులో ఉంటాయి. అక్కడ గంటల తరబడి జాప్యం కనిపిస్తే మీ కేసు స్వరూపమే మారిపోతుంది.

రికార్డుల కోసం ఈ వారమే రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా నర్సింగ్ చార్టులు, మందుల చార్టులు, సమ్మతి ఫారాలు, ఫార్మసీ బిల్లులు విడివిడిగా అడగండి. వాటిని ఇక్కడి క్రిటికల్ కేర్ నిపుణుడికి చూపించి రాతపూర్వక అభిప్రాయం పొందండి. ప్రతి వినియోగదారుల కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో వి. కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, అది మలేరియా జ్వరాన్ని టైఫాయిడ్‌గా భావించి వైద్యం చేసిన కేసు. ఐసీయూ వైద్యం అంత తేలికగా తేలేది కాదు.

వారసులుగా మీరు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కరీంనగర్ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, ఎందుకంటే ఫిర్యాదుదారు నివసించే చోటనే వేసే వీలును ఆ చట్టం కల్పించింది, మీరు చెల్లించిన మొత్తం కూడా రూ. 50 లక్షల లోపే ఉంది. గడువు రెండేళ్లు. పోలీసు ఫిర్యాదు జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లవద్దు. జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం దానికి స్థూలమైన, అంటే చాలా తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలి, మరో వైద్యుడి విశ్వసనీయమైన అభిప్రాయం కూడా కావాలి. మీరు చెప్పిన వివరాల్లో ఆ స్థాయి నాకు కనిపించలేదు.